మెట్లు కట్టిన అక్షరాలు

ఆ రోజు పొద్దున చూపులాయన వేసుకున్న పథకంలో పొరపాటుకు ఎక్కడా చోటు లేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. భార్య కన్నా ముందే వెళ్ళి కొత్త దుకాణం తలుపులు తీయాలి. బోర్డు మీద కప్పిన దుప్పటి లాగాలి. బస్సుల కంపెనీ మేనేజరు వచ్చే వేళకి గుమ్మంలో చిరునవ్వుతో నిలబడాలి. ఆయన బోర్డు చూసి, లోపలికి వచ్చి, అద్దాల బీరువాలు చూసి, “మా డ్రైవర్లందరి కంటి పరీక్షలూ ఇక మీవే” అంటాడు. ఆ తరువాత కాఫీ. అంతే.

ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. చూపులాయన అంటే చాలు, ఆ చుట్టుపక్కల ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. ఇరవై ఏళ్ళు సందు చివర ఇరుకు గదిలో జనం కళ్ళల్లోకి దీపం వేసి చూసి, కళ్ళజోళ్ళు అమ్మి, ఇప్పుడు గుండె దిటవు చేసుకుని పెద్ద రోడ్డు మీదికి మారాడు. ఎదురుగానే బస్సుల యార్డు, దాని గేటు పక్కనే బస్టాపు. మేనేజరు సరేనంటే దుకాణం నిలబడుతుంది. కాదంటే మళ్ళీ సందు చివరికే.

అందుకే బోర్డు విషయంలో ఆయన గట్టి జాగ్రత్త తీసుకున్నాడు. బోర్డులు రాసేది స్వయానా బావమరిదే. చేయి మంచిదే కానీ ఊరుకోదు. పాత దుకాణానికి బోర్డు రాసినప్పుడు ఎవరూ అడగకుండానే ‘చూ’ కొమ్ముకి ఒక తీగ చుట్టి, చివర ఒక పువ్వు పూయించాడు. పూల దుకాణమనుకుని నలుగురు లోపలికి వచ్చి, కళ్ళజోళ్ళు చూసి నొచ్చుకుని వెళ్ళిపోయారు. ఈసారి ఆ పప్పులు ఉడకకూడదని చూపులాయన తన పాత ఫోనులో ‘తేటచూపు’ అని దుకాణం పేరు తనకు నచ్చిన అక్షరాల్లో తెల్లటి తెర మీద నల్లగా పెట్టి, ఆ ఫోనునీ, తన బల్ల మీది భూతద్దాన్నీ బావమరిది చేతిలో పెట్టాడు.

“ఇదిగో, ఇందులో ఎలా ఉందో బోర్డు మీద అలాగే దిగాలి. భూతద్దం పెట్టి చూసుకో. వెంట్రుకవాసి తేడా రాకూడదు. నీ తెలివి వాడకు.”

“అసలు వాడొద్దా బావా?”

“అసలు వాడొద్దు.”

బావమరిది ఫోనుకేసీ, భూతద్దంకేసీ, బావకేసీ చూసి, “సరే, నీ మాటే” అన్నాడు. అతను అంత తేలిగ్గా తలూపడం అదే మొదలు. చూపులాయన దాన్ని గౌరవం అనుకున్నాడు.

ముందు రోజు సాయంత్రం బావమరిది మనుషుల్ని పెట్టి బోర్డు ఎక్కించి, దుప్పటి కప్పి వెళ్ళాడు. పొద్దున చూపులాయన దుప్పటి కొస పట్టుకుని ఒక్క లాగు లాగి, వెనక్కి చూడకుండా రోడ్డు దాటి, బస్టాపు పక్కన నిలబడి అప్పుడు తలెత్తాడు. తే, ట, చూ, పు. నాలుగక్షరాలూ నిండుగా, నున్నగా, తీర్చిదిద్దినట్టున్నాయి. తీగ లేదు, పువ్వు లేదు. ఆయన మనసు పాలపొంగులా పొంగింది.

అంతలో భార్య ఫ్రేముల పెట్టె చంకన పెట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. కౌంటరు చూసేది, లెక్కలు చూసేది, అవసరమైతే మొగుణ్ణి చూసేది కూడా ఆవిడే. తలెత్తి చూసి పెట్టె జారవిడిచినంత పని చేసింది.

“ఏమండీ! అక్షరాలకేమైంది?”

“ఏమైంది?”

“మెట్లు మెట్లుగా ఉన్నాయి కదండీ! ‘ట’ చూడండి, గుండ్రంగా ఉండాల్సింది రంపం పళ్ళలా ఉంది. ఆ అంచున ఎర్ర గళ్ళేమిటి, ఈ అంచున నీలం గళ్ళేమిటి?”

చూపులాయన మళ్ళీ చూశాడు. కళ్ళు చికిలించకూడదని రోజూ పదిమందికి చెప్పే మనిషి కాబట్టి చికిలించలేదు. “నున్నగా ఉంది కదా!”

“నున్నగానా?” ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, సరిగ్గా బోర్డు కింద నిలబెట్టింది. “ఇప్పుడు చూడండి.”

చూశాడు. నిజమే. ప్రతి వంపూ వేలెడు వెడల్పు గళ్ళుగా తెగి మెట్లు కట్టింది. ఒక అంచున ఎరుపు, ఇంకో అంచున నీలం, మధ్య మధ్య బూడిద రంగు గళ్ళు. చూపులాయన మళ్ళీ రోడ్డు దాటి చూశాడు. గళ్ళు మాయం. అక్షరాలు నున్నగా ఉన్నాయి.

“ఇక్కణ్ణించి లేవు!” అని అరిచాడు అవతలి పక్క నుంచి.

“నాకు ఎక్కణ్ణించైనా ఉన్నాయి!” అని అరిచింది ఆవిడ ఇవతలి పక్క నుంచి.

“బోర్డు దూరం నుంచి చదవడానికే. నిచ్చెనేసుకుని ఎవడు చదువుతాడు? నీకు ప్రతిదాంట్లోనూ లోపాలే కనిపిస్తాయి.”

“కనిపిస్తున్నాయి కాబట్టే చెబుతున్నా!” అని ఆవిడ విసురుగా ఫోను తీసి తమ్ముడికి కలిపింది. “ఒరేయ్, ఏం చేస్తున్నా సరే వదిలేసి రా. నిచ్చెన తెచ్చుకో.”

అతను రాకముందే మొదటి గిరాకీ వచ్చింది. బస్టాపులో నిలబడ్డ ఒక టీచరమ్మ బోర్డు వైపు చూసి, కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచి, చివరికి బస్సు వదులుకుని దుకాణంలోకి వచ్చింది.

“ఈ జోడు కొని నెల కాలేదండీ. మీ బోర్డు చూస్తుంటే అక్షరాలన్నీ గళ్ళు గళ్ళుగా విడిపోయి, అంచులు రంగురంగులుగా కనిపిస్తున్నాయి. నాకేమైనా అయిందంటారా?”

చూపులాయన ఆవిణ్ణి కూర్చోబెట్టి, అక్షరాల చార్టు మీద దీపం వేసి చదివించాడు. ఆవిడ చివరి వరుస దాకా చదివి, కింద అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా చదివింది.

“మీ చూపు దివ్యంగా ఉందండీ.”

“మరి బోర్డు?”

చూపులాయన చార్టు దీపం ఆర్పి, దుమ్ము లేని బల్ల తుడవసాగాడు. భార్యే అందుకుంది. “మీకేం కాలేదండీ, బోర్డుకే బాగాలేదు.”

టీచరమ్మ బతుకుజీవుడా అని బయటపడింది కానీ, అప్పటికే బస్టాపులో ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూసిన వాళ్ళున్నారు. ఆవిడ తుడుచుకుందని ఒకాయన తుడుచుకున్నాడు. తుడుచుకుని బోర్డు చూశాడు. చూసి హడలిపోయాడు. “మీకూ అలాగే కనిపిస్తోందా?” అని పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడికీ అలాగే కనిపించింది. ఇద్దరికి ఒకేసారి కళ్ళు చెడ్డాయంటే అది కళ్ళ తప్పు కాదు, గాలి తప్పని మూడోవాడు తేల్చాడు. గాలి ఎటు నుంచి వస్తోందని నాలుగోవాడు వేలు తడి చేసి ఎత్తి చూశాడు. యార్డు వైపు నుంచి వస్తోంది. ఇంకేముంది, బస్సుల యార్డులో ఏదో గ్యాసు లీకై జనం కళ్ళు పోతున్నాయన్న మాట బస్టాపు దాటి, గేటు దాటి, యార్డులోకి వెళ్ళింది. నిమిషాల మీద జనం ముక్కులకి రుమాళ్ళు కట్టుకున్నారు. కళ్ళు పోతుంటే ముక్కు ఎందుకు కట్టుకోవాలని ఎవరూ అడగలేదు.

ఆ హడావుడిలోనే బావమరిది నిచ్చెన భుజాన వేసుకుని దిగాడు. చూపులాయన అతని మీద విరుచుకుపడ్డాడు.

“ఏంట్రా ఇది? అక్షరాలా, ఇటుకల గోడా?”

“నువ్వు ఇచ్చిందే బావా.” బావమరిది జేబులోంచి పాత ఫోనూ భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. “చూడు. భూతద్దంలోంచి చూడు.”

చూపులాయన వంగి చూశాడు. మామూలుగా చూస్తే చక్కగా ఉన్న ‘తేటచూపు’ భూతద్దం కింద గళ్ళ కాగితం అయిపోయింది. ప్రతి వంపూ మెట్లే. ఒక అంచు ఎరుపు, ఇంకో అంచు నీలం.

“తెర మీద గీతలుండవు బావా, గళ్ళే ఉంటాయి. ఒక్కో గడిలో మళ్ళీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు చారలు. మూడూ వెలిగితే తెలుపు. నల్లక్షరం పక్కన ఆ తెలుపు ఆగిపోయే చోట ఒక వైపు ఎర్ర చార, ఒక వైపు నీలం చార మిగిలిపోతాయి. మిగిలినవి మిగిలినట్టే వేశాను. వారం రోజులు నా నడుం పడిపోయింది. వెంట్రుకవాసి తేడా ఉందేమో నువ్వే కొలుచుకో.”

“మీ అక్క ఫోనులో ఇలా ఉండదేం?” అని చూపులాయన భార్య చేతిలోని ఫోను లాక్కుని భూతద్దం పెట్టాడు. అందులో గళ్ళు ఎంత వెతికినా దొరక్క దొరక్క దొరికాయి.

“అక్కది కొత్తది. అంగుళంలో నీ దాని కన్నా రెండింతలకు పైనే పడతాయి గళ్ళు. గడి ఎంత చిన్నదైతే అక్షరం అంత నున్నన. ఇది నేను ముందే చెబుదామనుకున్నాను.”

“చెప్పొచ్చుగా!”

“తెలివి వాడొద్దన్నావు.”

అక్క తమ్ముడి వీపు మీద ఒకటి వేసింది. “చాల్లే, నీ పంతం నెగ్గిందిగా. మేనేజరు వచ్చేలోగా ఎక్కి ఆ మెట్లన్నీ పూడ్చెయ్యి.”

బావమరిది నల్ల రంగు డబ్బా, తెల్ల రంగు డబ్బా పట్టుకుని బయటికి నడిచాడు. నిచ్చెన వెయ్యడానికి ఆ హడావుడి మధ్య ఖాళీ దొరికింది మూడో అక్షరం కిందే. ఎక్కి ‘చూ’ వంపులు నున్నగా దిద్దడం మొదలుపెట్టాడు. అది పూర్తి చేసి దిగి, నిచ్చెన జరపబోతుండగా రోడ్డు అవతలి నుంచి కేక వినిపించింది.

“గ్యాసు లీకయిందన్నది ఎవరు?”

మేనేజరే. రావలసిన వేళకి చాలా ముందే వచ్చాడు. చిరునవ్వుతో ఆహ్వానించే వీలు లేకుండా వచ్చాడు. ఆయన వెనకాల ముక్కులకి రుమాళ్ళు కట్టుకున్న డ్రైవర్లు డజను మంది యార్డు ఖాళీ చేసి గుంపుగా నిలబడ్డారు. గేటు దగ్గర బస్సులు ఆగిపోయాయి.

చూపులాయన చేతులు జోడించి ఎదురెళ్ళి జరిగిందంతా చెప్పుకున్నాడు. చెబుతున్నకొద్దీ తనకే నమ్మబుద్ధి కాలేదు. మేనేజరు రుమాలు దించి బోర్డు వైపు చూశాడు.

“అంటే నా యార్డు ఖాళీ చేయించింది ఈ బోర్డా?”

“అవునండీ.”

“ఈ బోర్డు పెట్టుకుని మా వాళ్ళ కళ్ళు చూస్తారా మీరు?”

డ్రైవర్లు రుమాళ్ళు తీసి బోర్డు చూశారు. ఒకడు కిసుక్కుమన్నాడు. ఆపైన అందరూ నవ్వడం మొదలుపెట్టారు. చూపులాయనకి భూమి చీలితే బాగుండుననిపించింది. వాళ్ళందరిలోకీ పెద్దవాడు, గుబురు మీసాల డ్రైవరు మాత్రం నవ్వలేదు. దుకాణం మెట్టెక్కుతూ చూపులాయన భార్యతో మెల్లగా అన్నాడు, “ఎందుకు నవ్వుతారో ఏమో వెధవలు. బాధపడకమ్మా, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.”

మంచివాడు, మనసు పెట్టి ఓదారుస్తున్నాడనుకుంది ఆవిడ.

“ఎలాగూ బళ్ళు ఆగిపోయాయి,” అన్నాడు మేనేజరు కుర్చీలో కూలబడి. “పరీక్షలేవో ఇప్పుడే కానివ్వండి. నా బాధ ఒక్కటే. ఏటా పరీక్ష చేయిస్తాను. ఏటా అందరూ పాసే. కిందటి నెల పట్టపగలు మా గేటు స్తంభాన్ని మా బస్సే గుద్దింది. బళ్ళు రోజూ చేతులు మారతాయి, ఎవరని అడిగితే ఒక్కడూ నోరు విప్పడు. అందరూ పాసైతే స్తంభం ఎలా ఫెయిలైంది? రేపు స్తంభం ఉన్న చోట మనిషి ఉంటే? ఆ చూపు సరిగా లేనివాణ్ణి ఎవరు పట్టిస్తే వాళ్ళకే పని. మీ వల్ల కాకపోతే మూల మీద పెద్ద దుకాణం ఉంది.”

చూపులాయన నడుం బిగించాడు. ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి, భార్య చార్టు మీద దీపం వేస్తూ ఆర్పుతూ ఉంటే, ఒక్కో కన్నూ మూయించి చదివించాడు. ఒక్కొక్కడూ ఎక్కం అప్పజెప్పినట్టు చదివేశాడు. మీసాల డ్రైవరైతే చివరి వరుస కూడా గుక్క తిప్పుకోకుండా చదివి లేచాడు.

“భేష్!” అన్నాడు చూపులాయన అలవాటు కొద్దీ.

“అందరూ పాసే కదా?” అన్నాడు మేనేజరు నీరసంగా.

“పాసేనండీ.”

“అదే అనుకున్నాను. మీరూ అందరి లాగే. పోనీలెండి.” మేనేజరు లేచి చొక్కా సర్దుకున్నాడు.

చూపులాయనకి సందు చివర ఇరుకు గది కళ్ళ ముందు కదిలింది. అంతలో భార్య ఆయన చొక్కా పట్టుకుని పరీక్ష గదిలోకి లాగి తలుపు చేరేసింది.

“ఆ మీసాలాయన చదివినప్పుడు చార్టు మీద దీపం వెయ్యలేదు.”

“ఏంటీ?”

“మీరు ‘ఈసారి ఎడం కన్ను’ అనగానే, నేను స్విచ్చి మీద చెయ్యి పెట్టేలోగానే చదివేశాడు. చీకట్లో చదివాడండీ. అది చూపు కాదు, కంఠస్థం. ఊళ్ళో దుకాణాలన్నిటిలోనూ ఇదే చార్టుగా!”

“అయితే నేనెందుకు గమనించలేదు?”

“మీకూ కంఠస్థమే కాబట్టి.” ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. “ఇంకో సంగతి. మన బోర్డు నున్నగా ఉందన్నవాళ్ళు ఇంతవరకూ ఇద్దరే. ఒకరు ఆయన. ఇంకొకరు మీరు.”

చూపులాయన నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆవిడ లెన్సులు మార్చి మార్చి పెట్టే బరువైన ఫ్రేము ఆయన ముక్కు మీద కూర్చోబెట్టి, పెట్టెలోంచి దూరపు చూపుకి వాడే పల్చని లెన్సు చెరో కంటికీ వేసి, వెనక తలుపులోంచి బయటికి తీసుకెళ్ళి, పక్కనుంచి రోడ్డు దాటించి, బస్టాపు దగ్గర నిలబెట్టింది.

చూపులాయన తలెత్తాడు. ఎవరో బోర్డుని చేత్తో పట్టి ముఖం మీదికి తెచ్చినట్టయింది. మెట్లు, గళ్ళు, ఎర్ర అంచులు, నీలం అంచులు. ‘తే’ మెట్లు, ‘ట’ మెట్లు, ‘పు’ మెట్లు. బావమరిది దిద్దిన ‘చూ’ ఒక్కటే నున్నగా ఉంది. ఫ్రేము పైకెత్తి చూశాడు. నాలుగూ ఒకే రకంగా నున్నగా ఉన్నాయి. దించాడు. మళ్ళీ మూడు గళ్ళు, ఒకటి నునుపు. ఎత్తాడు, దించాడు. ఇరవై ఏళ్ళు ఊరందరి కళ్ళూ చూసినవాడు తన కళ్ళ సంగతి ఒక్కనాడైనా అడగలేదు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

కానీ ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. దాని వెనకాలే ఇంకోటి తోసుకొచ్చింది.

“ఏమే! చూపు తగ్గినవాడికి గళ్ళన్నీ కలిసిపోయి నున్నగా కనిపిస్తాయి. చూపున్నవాడికే విడివిడిగా కనిపిస్తాయి. బోర్డు బాగుందన్నవాడికే కళ్ళజోడు కావాలి!”

“అదేగా నేను ఇందాకట్నుంచీ చెబుతున్నది.”

చూపులాయన ఆ మాట వినిపించుకోలేదు. ముక్కు మీద నుంచి జారుతున్న ఫ్రేముని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో బస్సులు ఆపుతూ రోడ్డు మధ్యకి వెళ్ళి, దుకాణంలోంచి బయటికొస్తున్న మేనేజరుకి అడ్డం నిలబడ్డాడు. ఆ గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో ఆయనకే తెలియదు.

“మేనేజరుగారూ! మీ వాళ్ళనందర్నీ ఈ పక్కకి రమ్మనండి. వరసగా నిలబడమనండి. పరీక్ష ఇంకా అవలేదు.”

ఆ గొంతుకి మేనేజరు కూడా వచ్చి వరసలో నిలబడ్డాడు. జనం మూగారు. బావమరిది బోర్డు దగ్గర నుంచి నిచ్చెన తీసి గోడవారన పడేశాడు.

“బోర్డు మీద నాలుగక్షరాలున్నాయి,” అన్నాడు చూపులాయన. “మూడు ఒక తీరు, ఒకటి ఇంకో తీరు. ఆ ఒక్కటీ ఏదో ఒక్కొక్కరే వచ్చి నా చెవిలో చెప్పాలి. పైకి అనకూడదు.”

మొదటివాడు వచ్చి “‘చూ’ సార్. అదొక్కటే నున్నగా ఉంది” అని గుసగుసలాడాడు. రెండోవాడూ అదే అన్నాడు. మూడోవాడు కాసేపు మెడ అటూ ఇటూ వంచి, కళ్ళు నులుముకుని, “‘తే’ అనుకుంటానండీ” అన్నాడు. చూపులాయన అతన్ని పక్కన నిలబెట్టాడు. ఇంకొకడు బోర్డు వంక చూడనే లేదు, “మీరే చెప్పండి సార్, ఏది బాగుంటుంది?” అన్నాడు. అతన్నీ పక్కన నిలబెట్టాడు. మధ్యలో మేనేజరు కూడా వంగి, “‘చూ’. నావి గద్ద కళ్ళు” అని గర్వంగా చెప్పి వెళ్ళాడు.

ఆఖరున మీసాల డ్రైవరు వచ్చాడు. బోర్డుకేసి చాలాసేపు చూశాడు.

“నాలుగూ వేరువేరే కదండీ,” అన్నాడు నెమ్మదిగా. “ఒకే అక్షరం నాలుగుసార్లు రాయలేదుగా.”

చూపులాయన తన ముక్కు మీది ఫ్రేము తీసి ఆయనకి పెట్టాడు. చాలలేదు. భార్య పరుగున తెచ్చిన ఇంకో జత లెన్సులు వేసి, “ఇప్పుడు?” అన్నాడు.

మీసాల డ్రైవరు బోర్డు చూసి ఉలిక్కిపడ్డాడు. “అబ్బో! ఇదేంటి బాబూ, ఇంత ఘోరంగా ఉంది? ఇందాక ముత్యాలన్నాను కదూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా!”

జనం గొల్లుమన్నారు. ఆయన మెల్లగా తల తిప్పి రోడ్డు చూశాడు, మనుషుల ముఖాలు చూశాడు, యార్డు గేటు దగ్గర ఆగిన బస్సు చూశాడు. చూసి ఆగిపోయాడు.

“ఆ బస్సు పక్కన అంత పొడుగు గీత పెట్టిందెవడు?”

“నెల రోజులుగా నేనూ అదే అడుగుతున్నాను,” అన్నాడు మేనేజరు. “ఆ రోజు ఆ బస్సు తీసింది ఎవరు?”

మీసాల డ్రైవరు ఫ్రేము తీసి చేతుల్లో పట్టుకున్నాడు. “నేనే సార్. ఏదో రాసుకున్నట్టు తెలిసింది కానీ, దిగి దూరం నుంచి చూస్తే నాకేం కనిపించలేదు. కనిపించలేదు కాబట్టి ఏమీ కాలేదనుకున్నా.” ఫ్రేము అద్దాలు చొక్కా కొసతో తుడిచాడు. “కళ్ళజోడు పెట్టుకుంటే బండి దింపేస్తారని భయం. అందుకే ఆ చార్టు నోటికి పట్టాను. ఈ ఇద్దరికీ నేర్పింది కూడా నేనే.”

పక్కన నిలబడ్డ ఇద్దరూ నేల చూపులు చూశారు. మేనేజరు ఆయన దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు.

“కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి నేనెందుకు దింపుతాను? పెట్టుకోనివాణ్ణి దింపుతాను. ఇవాళ కొలతలిచ్చి వెళ్ళండి. జోళ్ళు వచ్చేదాకా యార్డులో పని చూడండి. ఆ గీత మాత్రం మీరే చెరిపించాలి.” తరువాత చూపులాయన వైపు తిరిగాడు. “ఏమండీ, ఇన్నేళ్ళలో ఎవరి వల్లా కాని పని మీ బోర్డు చేసింది. మా డ్రైవర్ల పరీక్షలన్నీ ఇక మీవే.”

చూపులాయనకి ఆ క్షణాన దుకాణం ముందున్న రోడ్డు ఊరేగింపు తోవలా కనిపించింది. ఇందాక కళ్ళు తుడుచుకుని హడలిపోయినవాళ్ళందరూ ‘మా చూపు బాగుందన్నమాట’ అని ఒకర్నొకరు అభినందించుకుంటున్నారు. బోర్డు బాగానే కనిపించి ఇంతసేపూ ధీమాగా నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే రంగు మారిన ముఖాలతో దుకాణం ముందు వరస కట్టారు. వరస బస్టాపు దాకా పెరిగింది. భార్య కౌంటరు దగ్గర ఫ్రేముల పెట్టెలు ఒకటి తరువాత ఒకటి విప్పుతోంది.

బావమరిది నిచ్చెన భుజానికెత్తుకుని, “మిగతా మూడూ పూడ్చెయ్యనా బావా?” అని అడిగాడు.

“ముట్టుకున్నావంటే చేతులు విరుస్తా!” అన్నాడు చూపులాయన. “ఆ ‘చూ’కి మళ్ళీ మెట్లు కట్టు. పై ఏడు పరీక్షకి ఇంకో అక్షరం దిద్దుదువు గాని. లేకపోతే దీన్ని కూడా కంఠస్థం చేసేస్తారు.”

మేనేజరు దుకాణంలో బల్ల దగ్గరికి వచ్చి, ఈ శుభవార్త పై ఆఫీసుకి వెంటనే పంపించాలని తన ఫోను తీశాడు. మెరిసిపోతున్న కొత్త ఫోను. రెండు మాటలు కొట్టి, తల వెనక్కి వాల్చి, ఫోనుని కాస్త దూరం జరిపి, ఇంకాస్త దూరం జరిపి, చెయ్యి చివరి దాకా చాచాడు.

“ఎంత పెట్టి కొన్నా ఏం లాభం? అక్షరాలన్నీ అలికినట్టున్నాయి,” అని విసుక్కున్నాడు. “ఏమోయ్ బోర్డులాయనా, దీనికీ గళ్ళు తక్కువేమో చూడు.”

బావమరిది ఫోను అందుకుని, భూతద్దం పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

“లేదు సార్. అక్షరం నూనె రాసినట్టు నున్నగా ఉంది. ఇంత మంచి తెర నేనింతవరకూ చూడలేదు.”

చూపులాయన భార్య మేనేజరు వెనక పరీక్ష కుర్చీ జరిపింది.